రెండు వేళ్ళ సందు

నేను ఒక మెడపట్టీని. చిన్న కుక్కల మెడకు కట్టే తోలుపట్టీని. పొడవు పద్నాలుగు అంగుళాలు, వెడల్పు బొటనవేలి గోరంత. అయిదు రంధ్రాలు, ఒక ఇత్తడి బకిలు, గొలుసు తగిలించడానికి ఒక రింగు. ప్రస్తుతం కాకినాడలో ఒక మేడ కింది వాటాలో, గుమ్మం పక్కన మేకుకు వేలాడుతున్నాను. నా మీద ఒక నేరం ఉంది. ఒక మూగప్రాణి మెడను నేను కోశానని ఆ వీధి వీధంతా నమ్ముతోంది. మనిషి మీద నేరం మోపితే అతనికి వకీలు ఉంటాడు, వాయిదాలు ఉంటాయి. వస్తువు మీద మోపితే చెత్తడబ్బా ఉంటుంది. నేను ఆ డబ్బా దాకా వెళ్ళి వచ్చాను. కనుక జరిగింది జరిగినట్టు, మొదటి కుట్టు దగ్గర నుంచి చెబుతాను. నా తప్పు ఉన్న చోట దాన్నీ దాచను.

నన్ను చేసినవాడు ఏసోబు. మెయిన్ రోడ్డులో హార్మోనియంలు బాగుచేసే ఒక దుకాణం అరుగు మీద కూర్చుని చెప్పులు కుట్టేవాడు. తిత్తులు మార్చగా మిగిలిన గొర్రెతోలు ముక్కలను దుకాణంవాళ్ళు అతనికి ఇచ్చేసేవారు. నా పైతోలు ఒక పాత బడిసంచీ భుజపట్టీది. లోపలి తోలు ఆ హార్మోనియం తిత్తిది. అంటే లోకానికి కనిపించే వైపు గట్టిగా, మెడకు తగిలే వైపు మెత్తగా పుట్టాను. మనుషుల్లో చాలామంది దీనికి సరిగ్గా తలకిందులుగా తయారవుతారని నాకు తరవాత తెలిసింది.

నన్ను చేయించినామె హెలెన్ సరోజిని. ఒక పెద్దాసుపత్రిలో ముప్పై మూడేళ్ళు నర్సుగా పనిచేసి, హెడ్ సిస్టరుగా రిటైరైన మనిషి. ఆమె చేతిలో ఒక పచ్చ రిబ్బను ఉంది.

"ఇదిగో, పెన్నుతో గీసిన చోటికి కుక్క మెడ కొలత. దానికి నా రెండు వేళ్ళు పట్టే సందు కలిపి కుట్టు ఏసోబూ."

"ఎందుకండి అమ్మగోరూ? ఒదులైతే తల లాగేసుకుని చక్కా పోద్దండి."

"రెండు వేళ్ళకు పోదు. మూడు పడితే జారిపోతుంది. ఒకటే పడితే ఉరి అవుతుంది."

"కుక్కక్కూడా ఇన్ని లెక్కలేటండి బాబూ!"

"చెప్పు కుట్టేటప్పుడు బొటనవేలు కదలడానికి చోటు వదలవూ?"

"వదలకపోతే ఎలాగండి? కాలు పుండైపోద్ది."

"మరి మెడ?"

ఏసోబు నవ్వడం ఆపాడు. తన వేళ్ళు లావని, ఆమె వేళ్ళు రెండూ నా కింద పెట్టించి చూసుకున్నాకే రంధ్రాలు పొడిచాడు. ఆ సందే నాకు జన్మహక్కు. నాలో తోలు ఎంత ముఖ్యమో, తోలుకూ మెడకూ మధ్య ఉండవలసిన ఖాళీ అంతకంటే ముఖ్యం.

నేను మొదట కట్టుకున్న మెడ మిరియానిది. నల్లగా, పొడుగ్గా, నాలుగు పొట్టి కాళ్ళ మీద నడిచే డాక్స్‌హుండ్ అది. ఒకప్పుడు బొరియల్లో దూరి జంతువులను వేటాడడానికి పెంచిన జాతి. కాబట్టి దానికి తవ్వడం అల్లరి కాదు, వృత్తి. సరోజిని పెరట్లో ఒక మూల ఇసుక పోయించి, అక్కడ తవ్వుకోనిచ్చింది. తులసికోట దగ్గరకు మాత్రం రానిచ్చేది కాదు. తులసికోట ఆమెది కాదు, పైవాటాలో ఉన్న ఇంటివాళ్ళది. పొడుగు వెన్ను ఉన్న కుక్క మంచం మీంచి దూకితే వెన్నుపూస దెబ్బతింటుందని, మంచానికి వాలుగా ఒక చెక్క వేయించింది. ఎత్తుకుంటే ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి తుంటి కింద. ముందుకాళ్ళు పట్టుకుని బొమ్మలా పైకెత్తిన చుట్టాల పిల్లవాడిని ఆమె చూసిన చూపుకు ఆ పిల్లవాడు మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

'కూర్చో' అన్న మాట ఆమె ఒక్కసారే అనేది. రెండోసారి అంటే, మొదటిసారి అన్నది లెక్కలోకి రాదని కుక్క నేర్చుకుంటుందట. మిరియం కూర్చున్న మరుక్షణంలో శనగగింజంత ఉడికిన గుడ్డు ముక్క దాని నోట్లో ఉండేది. క్షణం ఆలస్యమైతే దేనికి ఇచ్చారో దానికి తెలియదు. పాఠం అయిదు నిమిషాలు, ఆపైన సెలవు. మందలించేటప్పుడు పేరు పలికేది కాదు. పేరు వినగానే పరుగెత్తి రావాలి గాని, తోక ముడవకూడదు.

రోజూ దీపాలు పెట్టే వేళకు నన్ను విప్పేది. విప్పి, మిరియం మెడ చుట్టూ వేలితో తడిమి చూసేది. కదలలేని రోగి వీపు మీద పుండు లేస్తోందా అని చూసిన చెయ్యి అది. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. పదమూడేళ్ళు ఆ మెడ మీద ఉన్నాను. ఒక్క వెంట్రుక ఊడలేదు. ముసలితనంతో, నిద్రలో మిరియం పోయింది. సరోజిని నన్ను కడిగి, లోపలి వైపు నూనె రాసి, గుమ్మం పక్కన మేకుకు తగిలించింది.

ఇక రెండో మెడ సంగతి.

పైవాటా ఇంటివాళ్ళలో పెద్దావిడ మాణిక్యాంబ. ఆమె కొడుకు ఫణీంద్రకు టైల్సు దుకాణం. కోడలు భార్గవి జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. వాళ్ళ కూతురు లాస్యకు తొమ్మిదో పుట్టినరోజున లాసా జాతి కుక్కపిల్ల వచ్చింది. జున్ను రంగు, కనుక పేరూ జున్ను. మొదటి రోజునే భార్గవి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కిందికి తెచ్చి సరోజినికి చూపించింది.

"చాలా సాధువు జాతిటండి సిస్టర్‌గారూ. ఒళ్ళోంచి దిగదని చెప్పి అమ్మాడు."

"అమ్మేవాడు అలాగే చెబుతాడమ్మా. ఇవి టిబెట్‌లో మఠాల లోపల కాపలా కాసిన కుక్కలు. కొత్తవాళ్ళను నమ్మవు. మొండితనం ఉంటుంది, ఆత్మగౌరవం ఉంటుంది. ఇప్పటి నుంచి రోజూ నలుగురి చేతులకూ అలవాటు చెయ్యి. చెవులు, పాదాలు, మెడ. దువ్వెన చర్మం దాకా వెళ్ళాలి. ఎండాకాలం బొచ్చు పొట్టిగా కత్తిరించు."

జున్నుకు అయిదో నెలలో సరోజిని మేకు మీంచి నన్ను తీసి భార్గవికి ఇచ్చింది. రెండు వేళ్ళ సంగతి చేసి మరీ చూపించింది. భార్గవి శ్రద్ధగా నేర్చుకుంది. ఆమె మంచిదే. తీరిక లేని మంచితనం ఆమెది.

నేను జున్ను మెడ మీదికి వెళ్ళేసరికి అక్కడ నాకంటే ముందు వచ్చినది ఒకటి ఉంది. నల్లతాడు.

కుక్కపిల్ల వచ్చిన రోజున చూడడానికి వీధి వీధంతా ఎగబడిందట. అంతమంది కళ్ళు పడ్డాయని, సాయంత్రం అది కక్కుకుందని, మాణిక్యాంబ తొమ్మిది ముళ్ళు వేసి దిష్టితాడు కట్టింది. నిర్లక్ష్యంగా కట్టలేదు. ఎదుగుతుందని తెలిసే, నాలుగు వేళ్ళు పట్టేంత వదులుగా కట్టింది. ఈ మాట ఆమె తరఫున నేనే చెబుతున్నాను, గమనించండి. తాడు నైలాను కలిసినది, చివకదు, తెగదు. ఆ ఇంట్లో పిల్లలకు మొలతాడు కడతారు. దసరాకో దీపావళికో పాతది తెంపి కొత్తది వేస్తారు. ప్రతి ఏడూ కొలత చూడకుండానే మారిపోతుంది కాబట్టి ఎవరి నడుమూ కోసుకుపోలేదు. కుక్క తాడును కూడా పండగకు మార్చాలని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. పండగ పిల్లలకే గాని కుక్కకు లేదు కదా.

మొదట్లో తాడు నాతో పాటు కదిలేది. నెల తిరిగేసరికి నా కిందికి చేరింది. ఆరో నెలలో, ఏడో నెలలో భార్గవి నన్ను ఒక్కొక్క రంధ్రం వదులు చేసింది. నేను వదులయ్యాను. తాడు కాలేదు. నాకు అయిదు రంధ్రాలు ఉన్నాయి. దానికి తొమ్మిది ముళ్ళు ఉన్నాయి.

దువ్వెన పైపైనే తిరిగేది. లాస్య రోజూ దువ్వేది, రిబ్బన్లు కట్టేది, ఫోనులో వీడియోలు తీసేది. ఆ వీడియోల్లో జున్ను పట్టుకుచ్చులా మెరిసేవాడు. ఆ మెరుపు కింద, మెడ దగ్గర, బొచ్చు ఉండలు కట్టి చాపలా అల్లుకుపోయింది. వేసవిలో కత్తిరిద్దామని భార్గవి అంటే ఫణీంద్ర నవ్వాడు. "బొచ్చు తీసేస్తే వీడికీ వీధికుక్కకీ తేడా ఏవుంటుంది?" కాకినాడ ఎండలో, సముద్రపు ఉక్కలో, మంచుకొండల కోటు వేసుకుని ఆ ప్రాణి గచ్చు మీద పొట్ట ఆనించి రొప్పేది. అందరికీ ముద్దొచ్చేది.

ఎనిమిదో నెలలో జున్ను తల వంచడం మానేశాడు. గిన్నె నేల మీద ఉంటే తినడు. చేత్తో పట్టుకుని నోటి దగ్గర పెడితే తింటాడు. "చూశారా డాబు!" అన్నారు. వెనకకాలితో మెడ గోక్కుని, సగంలో కెవ్వుమని ఆగిపోయేవాడు. "పేలు పట్టాయి," అన్నారు. ఎత్తుకోబోతే గుర్రుమనేవాడు. "పెట్టిన చెయ్యినే..." అని మాణిక్యాంబ బుగ్గ నొక్కుకుంది. ఒక ప్రాణి తనకు తెలిసిన భాష మొత్తం వాడి ఒకే మాట చెబుతోంటే, ఆ ఇల్లు ప్రతిసారీ దాని గుణం గురించి ఒక కొత్త అభిప్రాయానికి వచ్చింది. నేను ఆ మెడ మీదే ఉన్నాను. నా లోపలి తోలుకు వెచ్చగా చెమ్మ తగులుతోంది. నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరు లేదు. పైగా నేను తాడును కప్పి ఉన్నాను. నా తప్పు ఇదే. నేను కోయలేదు. దాచాను.

ఇది తెలియవలసిన ఒక్క మనిషి అప్పుడు ఊళ్ళో లేదు. చెల్లెలికి తుంటి ఎముక విరిగిందని సరోజిని నరసాపురం వెళ్ళి అయిదు నెలలు ఉండిపోయింది.

ఫణీంద్ర శిక్షణకు వీర్రాజును కుదిర్చాడు. రైసుమిల్లులకు కాపలాకుక్కలను తయారుచేసే మనిషి. కుక్క అంటే అతనికి ఒకే కొలత.

"మీరు ముద్దు చేసి పాడుచేశారండి. దీనికి యజమానెవరో తెలియట్లేదు. ఒక్క గుంజు గుంజితే దెబ్బకి లైన్లోకొత్తాదండి."

"చిన్నవాడు కదండీ, నెమ్మదిగా..." అంది భార్గవి.

"చిన్నోడా? తల చూడండమ్మా, ఎంత బిరుసో!"

గొలుసు నా రింగుకే తగిలించాడు. 'నడు' అంటూ గుంజాడు. ప్రతి గుంజుకూ నేను తాడు మీద పడ్డాను, తాడు మాంసం మీద పడింది. మనిషి పక్కన నడవడం ఎంత హాయో నేర్పవలసిన పాఠంలో, మనిషి చెయ్యి మెడ దగ్గరకు వస్తే ప్రాణం పోతుందని జున్ను నేర్చుకున్నాడు. తెలివైన కుక్క. పది రోజుల్లో పూర్తిగా నేర్చుకున్నాడు. టీకా వేయించడానికి తీసుకువెళితే, కరుస్తాడని మూతికి గుడ్డ కట్టి, తుంటి మీద సూది పొడిపించి తెచ్చేశారు. మెడ వైపు ఎవరూ వెళ్ళలేదు.

ఒక మంగళవారం సాయంత్రం లాస్య స్నేహితురాళ్ళు వచ్చారు. ఫొటో తీసుకోవడానికి లాస్య వెనక నుంచి వచ్చి జున్ను మెడ చుట్టూ రెండు చేతులూ వేసి గట్టిగా హత్తుకుంది. ఆ పిల్ల గాజు నా మీద ఒత్తుకుంది. నా కింద ఏమైందో నేను చెప్పను. జున్ను గిరుక్కున వెనక్కి తిరిగి కరిచాడు. ముంజేతి మీద నాలుగు పళ్ళ గాట్లు, రక్తం, ఏడుపు, ఆసుపత్రి.

అప్పటిదాకా ఆ ఇంట్లో జున్ను 'వాడు'. ఆ సాయంత్రం నుంచి 'అది'.

"ఆదివారం పొద్దున్నే ఉప్పాడ తీసుకెళ్ళి వదిలేసి వస్తాను," అన్నాడు ఫణీంద్ర. "పడవలొచ్చే చోట చేపలకి లోటుండదు. హాయిగా బతుకుద్ది."

"చంపడం కాదుగా. పాపం కూడా అంటదు," అంది మాణిక్యాంబ.

"నాన్నా, నేనే గట్టిగా పట్టుకున్నాను. వాడు ఊరికే కరవలేదు," అంది లాస్య, కట్టు కట్టిన చేత్తో అతని చొక్కా పట్టుకుని.

"నువ్వు లోపలికెళ్ళు."

గాయపడ్డ మనిషే సాక్ష్యం చెబుతుంటే కొట్టేసిన తీర్పు అది. కరిచిన కుక్కను పది రోజులు కళ్ళెదుట ఉంచుకుని చూడాలని లాస్యకు సూది వేసిన డాక్టరు చెప్పాడు, అదీ వినలేదు. ముద్ద నోటి దగ్గర పెడితే గాని తినని, తల వంచలేని, కళ్ళ మీద బొచ్చు పడే కుక్కను, రేవు కుక్కల గుంపు మధ్య ఇసుకలో వదిలి, కారు అద్దం ఎత్తుకుని రావడాన్ని వాళ్ళు దయ అనుకున్నారు. ఉప్పాడ కెరటాల దగ్గర ఆ దయ ఎంతసేపు నిలిచేదో, మీరు ఊహించుకోండి.

భార్గవి రెండు రోజులు కాలేజీకి వెళ్ళింది, పాఠాలు చెప్పింది. ఆమె మౌనాన్ని ఒప్పుకోవడం అనుకున్నారు. శుక్రవారం సరోజిని నరసాపురం నుంచి తిరిగి వచ్చింది. శనివారం నాలుగు గంటలకు భార్గవి జున్నును పాత తువ్వాలులో చుట్టి, మోచేతులతో ఎడంగా పట్టుకుని కిందికి దిగింది.

"సిస్టర్‌గారూ, మీ పట్టీ మీకిచ్చేద్దామని వచ్చానండి. విప్పుదామంటే చెయ్యి వెయ్యనివ్వట్లేదు. మీరైతే..."

"ఎందుకిచ్చేస్తున్నావు?"

భార్గవి చెప్పింది.

"రేపు పొద్దున్నా?"

"ఆరింటికండి."

సరోజిని తలుపు దగ్గరగా వేసింది. "వాణ్ణి కింద పెట్టు. నువ్వు ఆ కుర్చీలో కూర్చో. మాట్లాడకు."

డెబ్బై ఒకటో ఏట, నొప్పుల మోకాళ్ళతో, ఆమె గచ్చు మీద కూర్చుంది. జున్నుకు ఎదురుగా కాదు, పక్కకు తిరిగి. కళ్ళలోకి చూడలేదు. గుడ్డు ముక్కలు శనగగింజంతలు చేసి ఒకటి తన మోకాలి దగ్గర, ఒకటి అంతకంటే కొంచెం దూరంగా పెట్టింది. అరగంట అలాగే కూర్చుంది. గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. జున్ను మొదట దూరంగా ఉన్న ముక్కను చూశాడు. తల వంచలేదు; ముందుకాళ్ళు రెండూ చాపి, ఒళ్ళంతా నేలకు ఆనించి, నాలుకతో అందుకున్నాడు. సరోజిని ఆ వంగని మెడను చూసింది. ఆమె ముఖంలో ఏదో మారింది.

చెయ్యి పై నుంచి రాలేదు. గడ్డం కింద నుంచి, అరచెయ్యి పైకి పెట్టి, నెమ్మదిగా వచ్చింది. పదమూడేళ్ళు నేను ఎరిగిన చెయ్యి. రెండు వేళ్ళు నా అంచును వెతికాయి. ఒక వేలు దూరింది. రెండోది దూరలేదు. జున్ను వణికాడు, గుర్రుమన్నాడు, కరవలేదు. ఆమె వేలు వెనక్కి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"భార్గవీ, వీడిది తలబిరుసు కాదమ్మా. వీడి మెడ తెగుతోంది."

"ఏంటండీ?"

"చీము వాసన. కత్తెర తీసుకురా. ఆ పెట్టెలో, కొనలు గుండ్రంగా ఉన్నది."

నా బకిలు విప్పడానికి ఆమెకు పావుగంట పట్టింది. నేను ఊడి గచ్చు మీద పడ్డాను. లోపలి తోలు, ఆ హార్మోనియం తోలు, నల్లగా తడిసి ఉంది. సరోజిని బొచ్చు ఉండలను కొద్దికొద్దిగా కత్తిరించింది. మెడ చుట్టూ గాడి కనిపించింది. గాడి లోపల, చర్మం అంచులు పైకి పెరిగి సగం పూడ్చేసిన చోట, నల్లగా ఒక ముడి తేలి ఉంది.

భార్గవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అది... అది ఎప్పుడో ఊడిపోయిందనుకున్నానండి."

"ఊడలేదు. లోపలికి వెళ్ళింది. దీన్ని నేను కొయ్యకూడదు. మత్తిచ్చి డాక్టరే తియ్యాలి. నడు."

"ఆయనతో ఒక మాట చెప్పి..."

"డాక్టరు దగ్గర సంతకం పెట్టడానికి కూడా ఆయన్ని అడుగుతావా? తువ్వాలు తియ్యి, ఆటో పిలువు."

పశువుల డాక్టరు గంటన్నర శ్రమపడి తాడును తీశాడట. సరోజిని అడిగి మరీ దాన్ని చిన్న సీసాలో వేయించుకుంది. జున్నుకు ఆ రాత్రి పడక ఆమె గదిలోనే.

ఆదివారం ఆరింటికి ఫణీంద్ర కారు తాళాలు పట్టుకుని కింది గుమ్మంలో నిలబడ్డాడు. వెనక మాణిక్యాంబ. మెడ చుట్టూ తెల్లటి కట్టుతో పడుకున్న కుక్కను చూశారు. బల్ల మీద, రక్తపు మరకలతో ఉన్న నన్ను చూశారు. మాణిక్యాంబ చూపు నా మీదే ఆగింది. కనిపించిన ముద్దాయి ఒకడు ఉన్నప్పుడు కనిపించనివాణ్ణి వెతికే ఓపిక ఎవరికి ఉంటుంది?

"అనుకున్నాను! చచ్చిపోయిన కుక్క పట్టీ తెచ్చి కట్టింది. పసిదాని కుత్తుక కోసేసింది. ఏవమ్మా సిస్టరూ, అంత ముచ్చటైతే కొత్తది కొనుక్కోలేమా మేము?"

ఫణీంద్రకు కూడా అది సుఖమైన జవాబుగా తోచింది. నన్ను రెండు వేళ్ళతో ఎత్తి, గేటు దగ్గర చెత్తడబ్బాలో పడేశాడు. సరిగ్గా రెండు వేళ్ళతో. డబ్బాలో అరటితొక్కల మధ్య పడి ఉండి, తక్కిన మాటలు అక్కడి నుంచే విన్నాను.

"మాణిక్యాంబగారూ, ఇది చూడండి," అంది సరోజిని. సీసా బల్ల మీద పెట్టిన చప్పుడు. "డాక్టరు వాడి మెడలోంచి తీసింది ఇది. దీని చుట్టుకొలత తొమ్మిది అంగుళాలు. వాడి మెడ పదకొండు. ముళ్ళు తొమ్మిదీ అలాగే ఉన్నాయి."

"వదులుగానే కట్టానుగా," అంది మాణిక్యాంబ. గొంతు మునుపటిలా లేదు. "నాలుగు వేళ్ళు పట్టేలా కట్టాను. నా చేత్తో కట్టింది వాడి మంచికే గాని..."

"కట్టిన రోజు వదులేనండి. ఆ తరవాత ఎవరు చూశారు?"

"ఆ తాడు ఉండబట్టే ప్రాణం దక్కింది. లేకపోతే ఆ పట్టీ దెబ్బకి..." ఆమె వాక్యం పూర్తి చేయలేదు. మెట్లెక్కి వెళ్ళిపోయింది.

అప్పుడు భార్గవి మాట్లాడింది. "తాళాలు లోపల పెట్టెయ్యండి. వాడు ఎక్కడికీ వెళ్ళడు."

"మళ్ళీ కరిస్తే?" అన్నాడు ఫణీంద్ర.

"మెడ కోస్తుంటే మీరు కరవరా?"

ఫణీంద్ర గేటు వైపు, సీసా వైపు, భార్య వైపు చూశాడట. "నెల రోజులు," అన్నాడు. "నెల చూద్దాం." ఓడిపోయినవాడు గడువు పెట్టడం గౌరవంగా ఉంటుంది కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

చెత్తబండి రాకముందే సరోజిని వచ్చి నన్ను పట్టకారుతో తీసింది. స్పిరిటుతో తుడిచింది, ఆరబెట్టింది, మళ్ళీ మేకుకు తగిలించింది. నా కింది గూట్లో ఆ సీసా పెట్టింది.

ఇరవై మూడు రోజులు జున్ను కింది వాటాలో ఉన్నాడు. గాయం పది రోజులకు ఎండింది, భయం ఎండలేదు. భార్గవి రోజూ సాయంత్రం వచ్చి అయిదే నిమిషాలు కూర్చునేది. మొదటి వారం చెయ్యి నేల మీదే. రెండో వారం గడ్డం కింద. లాస్య కూడా వచ్చేది. మొదటి రోజు ఆ పిల్ల గుమ్మంలోనే ఆగి, "అమ్మమ్మా, వాడికి నా మీద కోపమా?" అని సరోజినిని అడిగింది.

"కోపం కాదు. గుర్తు. నువ్వు వెళ్ళకు, వాడే రావాలి. వచ్చేదాకా కూర్చో."

లాస్య నాలుగు రోజులు గోడకు ఆనుకుని, ఫోను లేకుండా, కూర్చుంది. అయిదో రోజు జున్ను వచ్చి ఆమె ముంజేతి మీది గాట్లను వాసన చూసి, పక్కన పడుకున్నాడు. ఆ పిల్ల కదలలేదు. కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు.

జున్ను బొచ్చు ఇప్పుడు పొట్టిగా ఉంది. మెడ చుట్టూ వెంట్రుక మొలవని తెల్లటి గీత ఒకటి ఉంది. అది ఇక పోదు. మెడకు ఏదీ కట్టరు. నడకకు ఛాతీ చుట్టూ వేసే మెత్తటి పట్టీ కొన్నారు. వెనక నుంచి ఎవరు నడిచినా ఇప్పటికీ ఉలిక్కిపడతాడు. రేపు ఎప్పుడైనా, ఎవరైనా చుట్టం పిల్ల వచ్చి హత్తుకుంటే ఏమవుతుందో, హామీ ఎవరూ ఇవ్వలేరు. ఇక నేరం సంగతి: అది నా పేరనే ఉంది. మాణిక్యాంబ అరుగు మీద కూర్చున్నప్పుడల్లా, "ఆ పాత తోలుపట్టీ వల్ల..." అనే చెబుతుంది. వినేవాళ్ళు తలలూపుతారు. నేను తోలును, తోలు మీద ఏ మరకైనా నిలుస్తుంది.

కానీ జున్నును పైకి తీసుకువెళ్ళిన ఉదయం ఈ గుమ్మంలో జరిగినది ఒకటి ఉంది. దాన్ని చూసినవాళ్ళలో చెప్పగలిగే తీరిక నాకే ఉంది.

భార్గవి ఛాతీపట్టీ తగిలించి లేచేసరికి మాణిక్యాంబ మెట్లు దిగి వచ్చింది. ఆమె చేతిలో కొత్త నల్లతాడు ఉంది. సరోజిని కుర్చీలోంచి సగం లేచింది. లాస్య జున్నుకు అడ్డంగా నిలబడింది.

"అలా చూస్తారేం? ఇంటికొస్తున్నాడు. మళ్ళీ నలుగురి కళ్ళూ పడతాయి," అంది మాణిక్యాంబ. "కాలికి కడతాలే. మెడకి కాదు."

భార్గవి తన ఎడమ చెయ్యి చాపింది. "నాకు కట్టండి అత్తయ్యా."

"నీకెందుకే?"

"వాడికి రావలసిన దిష్టి నా మీదుగా పోనివ్వండి. నాకైతే, బిగిస్తే చెప్పడానికి నోరుంది."

మాణిక్యాంబ ముఖం కందిపోయింది. వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. తాడును కోడలి మణికట్టు చుట్టూ వేసి, పెదవులు కదుపుతూ ఒక్కొక్క ముడీ వేసింది. ఎనిమిది ముళ్ళు పడ్డాయి. తొమ్మిదో ముడికి కొనలు పట్టుకుని ఆగింది. ఎవరి వైపూ చూడలేదు. నా వైపు అసలే చూడలేదు. ముడతలు పడిన తన రెండు వేళ్ళను తాడుకూ మణికట్టుకూ మధ్య దూర్చి, చుట్టూ ఒకసారి తిప్పి చూసుకుంది.

ఆ తరవాత ముడి వేసింది.